పట్టాల వెంట పాట – జిమ్మీ రోజర్స్

ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ళలో అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రైలుపట్టాలు వేసే కూలీలలో ఆఫ్రికా సంతతివారు అధికం. బరువైన పట్టాను అందరూ ఒక్కుమ్మడిగా జరపాలంటే లయ కావాలి. ఆ లయ కోసం వారు పాడేవారు. మిసిసిపీ రాష్ట్రంలోని మెరిడియన్ ప్రాంతంలో అటువంటి జట్టుకు మంచినీళ్ళు మోసిన ఒక తెల్లజాతి బాలుడు ఆ పాటలను చెవులారా విన్నాడు. అతడే అనంతర కాలంలో కంట్రీ సంగీతానికి పితామహుడుగా వాసికెక్కిన జిమ్మీ రోజర్స్.

రోజర్స్ 1897 సెప్టెంబరు 8న జన్మించాడు. తండ్రి రైలుమార్గపు పనివారిపై మేస్త్రీ. పసితనంలోనే తల్లి మరణించడంతో బంధువుల ఇళ్ళలో పెరిగాడు. పన్నెండు, పదమూడేళ్ళ వయసులోనే ఊరూరా తిరిగి మందులమ్ముకొనే ప్రదర్శన బృందంతో కలిసి ఇల్లు విడిచిపోయాడు. తండ్రి వెదకి తెచ్చి రైలు పనిలో పెట్టాడు. క్రమంగా అతడు బ్రేక్‌మన్ అయ్యాడు. కదిలే బండిపై బ్రేకులు వేయడం, పెట్టెలను తగిలించడం, విడదీయడం ఆ ఉద్యోగి విధులు. ఎండావానలతో నిమిత్తం లేని, ప్రాణాపాయంతో కూడిన కొలువు అది.

1920లో క్యారీ విలియమ్సన్‌ను వివాహమాడాడు. 1924లో క్షయ వ్యాధి బయటపడింది. నాటికి ఆ వ్యాధికి ఔషధం లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నది 1943లో. విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం మాత్రమే వైద్యులు చెప్పగలిగిన చికిత్స. పేదవానికి ఆ మూడూ దుర్లభాలే. రైలు పని చేయడానికి దేహం సహకరించలేదు. ఇక మిగిలినది గానం. ఊపిరితిత్తులు శిథిలమవుతున్నవాడు ఊపిరినే మూలధనంగా చేసుకొని బ్రతకవలసి రావడం విధి వైపరీత్యమే.

1927 వేసవిలో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే వ్యక్తి ధ్వనిముద్రణ పరికరాలతో బ్రిస్టల్ పట్టణానికి వచ్చాడు. టెన్నెస్సీ, వర్జీనియా రాష్ట్రాల సరిహద్దు ఆ ఊరి ప్రధాన వీధి మధ్యగా పోతుంది. కొండ ప్రాంతాల గాయకులను వెదకి వారి పాటలను రికార్డులకెక్కించడం పీర్ సంకల్పం. రోజర్స్ తన బృందంతో అక్కడికి చేరుకొన్నాడు. అయితే రికార్డుపై బృందానికి ఏ పేరు వేయాలన్న విషయంలో తగవు పుట్టి, ముద్రణకు ముందే తోటివారు విడిపోయారు. ఆగస్టు 4న ఆయన గిటారు పట్టుకొని ఒంటరిగా పాడాడు. రెండు పాటలు ముద్రితమయ్యాయి. అదే వారంలో, అదే చోట కార్టర్ కుటుంబం కూడా తమ తొలి రికార్డులు ఇచ్చింది. కంట్రీ సంగీత చరిత్రకారులు ఆ వారానికి అంతటి ప్రాముఖ్యాన్ని ఇవ్వడంలో అతిశయోక్తి లేదు.

ఆ తొలి రికార్డుకు పెద్ద ఆదరణ లభించలేదు. మరొకరైతే పిలుపు కోసం ఎదురుచూస్తూ ఇంట కూర్చొనేవారు. రోజర్స్ తానే న్యూయార్క్ వెళ్ళి పీర్‌కు కబురు చేశాడు. 1927 నవంబరు 30న క్యామ్డెన్‌లో పాడిన పాటలలో ఒకటి బ్లూ యోడెల్. గొంతును మామూలు స్థాయి నుండి ఒక్కసారిగా పై స్థాయికి విరిచి పలికించడం యోడెల్. అది ఆల్ప్స్ పర్వతాల పశుపాలకుల నుండి వచ్చిన పద్ధతి. దానిని ఆయన నల్లజాతివారి బ్లూస్ పాటతో జోడించాడు. ఆ రికార్డు లక్షల సంఖ్యలో అమ్ముడుపోయింది. వేదికపై ఒక్కొక్కప్పుడు రైలు ఉద్యోగి దుస్తులలోనే పాడేవాడు. 1929లో పాడే బ్రేక్‌మన్ అన్న అర్థమిచ్చే పేరుతో ఆయన నటించిన లఘుచిత్రం కూడా వెలువడింది.

ఆయన కీర్తిలో ఇతరుల పాలు ఎంతో గుర్తించడం న్యాయం. వదినగారైన ఎల్సీ మెక్‌విలియమ్స్ అనేక పాటల రచనలో సహకరించినా అన్నింటిపైనా ఆమె పేరు కనిపించదు. 1930 జూలైలో హాలీవుడ్‌లో ముద్రించిన తొమ్మిదవ బ్లూ యోడెల్‌కు ట్రంపెట్ వాయించినవాడు జాజ్ సంగీతపు మహావిద్వాంసుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పియానో వాయించినది ఆయన భార్య లిల్. రికార్డుపై వారిద్దరి పేర్లూ లేవు. నీళ్ళు మోసిన నాడు తాను విన్న పాటల కూలీల పేర్లయితే ఎక్కడా లేవు.

ఆర్జన పెరిగిన కొద్దీ వ్యయమూ పెరిగింది. 1929లో టెక్సాస్‌లోని కెర్‌విల్‌లో గొప్ప భవనం కట్టించుకొన్నాడు. కొంత కాలానికే దానిని వదులుకోవలసి వచ్చింది. ఆర్థిక మాంద్యం రికార్డుల అమ్మకాన్ని దెబ్బతీసింది. అయినా 1931లో అనావృష్టి బాధితుల సహాయార్థం హాస్యరచయిత విల్ రోజర్స్‌తో కలిసి ప్రదర్శనలిచ్చాడు. ఆ ఏడే తన క్షయ వ్యాధి మీదనే ఒక పాట పాడి ముద్రించాడు. పేరు చెప్పడానికే జనం జంకే వ్యాధిని పాటకెక్కించడానికి ఎంత గుండె దిటవు కావాలో ఊహించవచ్చు.

1933 మే నెలలో న్యూయార్క్ చేరేనాటికి ఆయన అస్థిపంజరం వలె ఉన్నాడు. కుటుంబానికి డబ్బు అవసరం. మే 17న మొదలైన ముద్రణలో పాటకూ పాటకూ నడుమ విశ్రమించడానికి స్టూడియోలో మంచం వేశారు. వెంట నర్సు ఉండేది. నడుమ కొన్నాళ్ళు పడకకే పరిమితమై, 24న తిరిగి వచ్చి మిగిలినవి పూర్తిచేశాడు. చివరి పాటకు ఆయన గిటారు తప్ప వేరే వాద్యం లేదు, బ్రిస్టల్‌లో వలెనే. రెండు రోజులకు, మే 26న, టాఫ్ట్ హోటల్ గదిలో రక్తస్రావంతో కన్నుమూశాడు. వయస్సు ముప్పది అయిదు. పార్థివదేహాన్ని రైలులోనే మెరిడియన్‌కు తరలించారు.

1961లో కంట్రీ సంగీత కీర్తిమందిరాన్ని నెలకొల్పినప్పుడు తొలిసారి ఎంపికైన ముగ్గురిలో రోజర్స్ ఒకడు. అంతకు ముందే, 1950లో, కెన్యాలోని కిప్సిగిస్ తెగ పాటలను సేకరించిన హ్యూ ట్రేసీకి వింత అనుభవం ఎదురయింది. గ్రామఫోనుపై రోజర్స్‌ను విన్న ఆ ప్రజలు ఆయన పేరును చెమిరోచా అని మార్చుకొని, సగం మనిషి, సగం జింక రూపం కల్పించి, ఆ వింత ప్రాణిపై పాట కట్టి తమ తంత్రీవాద్యంపై పాడుకొంటున్నారు.