వేమన యోగి

వేమన జీవితమును వ్రాసి యిమ్మని మహాసభ సంపాదకవర్గమువారు మమ్ముఁ గోరిరి. ఆయన కాపుకులమునఁ బుట్టినవాఁడని ప్రసిద్ధి గలదు గనుక, కులతిలకుఁడని వ్రాయవలెనని వారి యభిప్రాయము. వ్రాయుటకుఁ గూర్చుంటిమి. కాని, కులమును జూచి మనుష్యునకు వెలగట్టువారిని బద్యములలో నెగతాళి చేసినవానికే యా తిలకము దిద్దుటకు మా చేయి వెనుదీసినది.

ఆయన 17వ శతాబ్దమువాఁడని పెక్కురు పండితుల మతము. కదిరి ప్రాంతపుఁ గటారుపల్లిలో నాయన సమాధి నేఁటికిని బూజలందుచున్నది. యౌవనమున భోగియై, ధనమును వేశ్యపాలు చేసి, పిదప విరక్తుఁడయ్యెనను కథ యెల్లరెఱిఁగినదే, విస్తరింపము. ఆయన యసలు చరిత్రము పద్యములలో నున్నది. ఎంచుకొన్నది ఆటవెలఁది, రైతు ఒక చాలు దున్నులోపల రెండుమాఱులు చదువుకొనఁదగినంత చిన్నది. చెప్పినది మనుష్యుల తీరు. లోభికిఁ దేనెపట్టును జూపెను: కూర్చినది యీఁగ, పట్టుకొనిపోయినది బాటసారి. మనసు కడుగుకొనక మడిగట్టుకొన్నవానికిఁ గడుగని కుండలోని వంటను జూపెను. గొప్పలు చెప్పువానిని గంచుతోను, నిదానపరుని బంగారముతోను బోల్చి, యేది యెక్కువ మ్రోగునో మనకే విడిచెను. తిట్టినట్లుండదు, తగులక మానదు.

సంస్కృతము చదివిన మేమును యౌవనమున నీ పద్యములు పండితులకుఁ దగినవి కావని త్రోసివేసితిమి. ఒకనాఁడు తరగతిలో మూర్ఖుని గూర్చిన భర్తృహరి శ్లోకమునకు గంటసేపు వ్యాఖ్య చెప్పుచుండఁగా, వెనుక బల్లమీఁది పిల్లవాఁడొకఁడు లేచి, యదే భావముగల వేమన పద్యమును జదివి కూర్చుండెను. పిల్లలందఱును నవ్విరి. శ్లోకము వారికి బోధపడినది. మాకు సిగ్గు కలిగినది.

మావంటివారు త్రోసివేసినదానిని బ్రౌనుదొర యేఱుకొనెను. 1824లో వెదకనారంభించి, వ్రాఁతప్రతులు సేకరించి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో మద్రాసున నచ్చొత్తించెను. 1839 నాఁటి ముద్రణమున నవి 1164 అయ్యెను. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, సంస్కృతపండితులై యుండియు, అనంతపురమున వేమనపై నుపన్యసించి, పండితుల ఋణమును గొంత తీర్చిరి.

అచ్చునకు మున్ను వానిని గాచినవి జనుల నోళ్లు. నేఁటికిని సూర్యాపేట మార్కెట్టులో ధర తెగనపుడు, మిర్యాలగూడ బియ్యపు మిల్లుల యొద్దఁ దూకము తగ్గినపుడు, కోదాడ బస్సుస్టాండున నప్పుపడినవాఁడు మొగము చాటువేసినపుడు, ఎవరో యొకరు వేమన పద్యమును విసరుదురు. విసరినవాని కులమును మే మెన్నఁడు నడుగలేదు.

సంపాదకవర్గమువారు కులతిలకుఁడను మాటను జేర్పఁదలఁచినచోఁ జేర్చుకొనవచ్చును. మేము మాత్రము వ్రాయలేదు.