నెత్తురు లెక్క చెప్పిన హాల్డేన్

ముంబైలోని కామాఠీపురాలో గల్లీలను ఒకటో గల్లీ, రెండో గల్లీ అని వరుస నంబర్లతో పిలుస్తారు. పూర్వం తెలంగాణ పల్లెల నుండి వచ్చి ఈ నగరపు రోడ్లు, భవనాలు కట్టిన కామాటీల వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడి చాళ్లలో ఉండే పిల్లలకు గల్లీయే ఆటస్థలం. క్రికెట్ ఆడుతూ కిందపడితే మోకాలు చెక్కుకుపోతుంది. అమ్మ ఇంత పసుపు అద్దుతుంది. కాసేపటికి నెత్తురు గడ్డకడుతుంది. ఆట మళ్లీ మొదలవుతుంది.

కాని ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్లవాడికి అలా జరగదు. పాలపన్ను ఊడినచోట మరునాటికి కూడా నెత్తురు ఆగదు. పైకి దెబ్బ కనిపించకుండానే మోకాలు ఉబ్బుతుంది. లోపల కీలులో రక్తం చేరడమే దానికి కారణం. ఈ వ్యాధి పేరు హీమోఫిలియా. రక్తం గడ్డకట్టడానికి పనికివచ్చే ప్రోటీన్లను ఫాక్టర్లు అంటారు. వాటిలో ఎనిమిదవది లోపిస్తే ఎ రకం, తొమ్మిదవది లోపిస్తే బి రకం హీమోఫిలియా వస్తుంది. ఈ పిల్లల నెత్తురు ఇతరుల నెత్తురుకంటే వేగంగా కారదు, ఎక్కువసేపు కారుతుంది.

ఇలాంటి బిడ్డ పుట్టిన ఇంట్లో నింద ముందుగా తల్లి మీద పడుతుంది. ఆమె పుట్టింటి నెత్తురే మంచిది కాదని అంటారు. ఆ మాటలో ఎంత నిజముందో లెక్కవేసి చూపినవాడు జె.బి.ఎస్. హాల్డేన్.

హాల్డేన్ 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ మనిషి శ్వాసక్రియను పరిశోధించిన శాస్త్రవేత్త. బొగ్గుగనుల్లోని విషవాయువులను పరీక్షించడానికి వెళ్తూ కొడుకును కూడా వెంట తీసుకుపోయేవాడు. ఒకసారి గనిలో కొడుకును నిలబెట్టి, షేక్స్‌పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని అప్పజెప్పమన్నాడు. కొంత చెప్పేసరికి కుర్రవాడి కాళ్లు తేలిపోయి కిందపడ్డాడు. పడ్డచోట మళ్లీ ఊపిరి ఆడింది. గనిలోని ఆ వాయువు గాలికంటే తేలికైనది కాబట్టి పైన చేరుతుందని ఆ పాఠం. ఇప్పటి తండ్రులెవరూ ఇలాంటి పాఠం చెప్పరు!

తన శరీరం మీదనే ప్రయోగాలు చేసుకునే అలవాటు హాల్డేన్‌కు తండ్రి నుండి అబ్బింది. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఆయన అమ్మోనియం క్లోరైడు కలిపిన నీళ్లు తాగాడు. చిత్రమేమంటే ఆయనకు విజ్ఞానశాస్త్రంలో డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డులో గణితం, ప్రాచీన సాహిత్యం చదివాడు. చెల్లెలు నవోమితో కలిసి ఇంట్లో గినీపందులను పెంచి, వాటి పిల్లల రంగులను గమనిస్తూ అనువంశికతను నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి, కోలుకోవడానికి భారతదేశానికి వచ్చాడు. ఈ దేశం మీద ఇష్టం అప్పుడే కలిగింది. యుద్ధం తరువాత కేంబ్రిడ్జిలో, 1933 నుండి లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేశాడు.

హీమోఫిలియా తల్లి ద్వారా కొడుకులకు వస్తుందని అప్పటికే తెలుసు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లలకు రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఒకదానిలో లోపమున్నా రెండవది చాలావరకు ఆదుకుంటుంది. అలాంటి స్త్రీని వాహకురాలు అంటారు. మగపిల్లలకు ఉన్నది ఒకటే ఎక్స్. అందులో లోపముంటే ఆదుకునేది మరొకటి లేదు. వాహకురాలైన తల్లికి పుట్టే ప్రతి కొడుకుకూ ఈ వ్యాధి వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురూ వాహకురాలు అయ్యే అవకాశం కూడా సగమే. అందుకే పిల్లవాడికి ఈ వ్యాధి ఉందంటే డాక్టర్లు మేనమామల సంగతి అడుగుతారు.

హాల్డేన్‌కు ఇక్కడ ఒక సందేహం కలిగింది. ఆ రోజుల్లో హీమోఫిలియా ఉన్న పిల్లల్లో చాలామంది పెళ్లీడు రాకముందే చనిపోయేవారు. స్త్రీకి రెండు, పురుషునికి ఒకటి చొప్పున, సమాజంలోని ఎక్స్ క్రోమోజోముల్లో మూడవ వంతు మగవారి దగ్గర ఉంటాయి. అంటే ప్రతి తరంలో ఈ లోపపు జన్యువుల్లో దాదాపు మూడవ వంతు ఆ పిల్లలతోనే నశించిపోవాలి. అలాగైతే కొన్ని తరాలకు వ్యాధి కనుమరుగు కావాలి కదా! కాని తగ్గలేదు. పోయినంత జన్యువు ఎక్కడి నుండో కొత్తగా వచ్చి చేరుతూ ఉండాలి.

ఆరోగ్యమైన జన్యువు అరుదుగా దానంతట అదే మారిపోతుంది. దీన్ని ఉత్పరివర్తనం అంటారు. లండన్‌లోని రోగుల సంఖ్యను ఆధారం చేసుకుని, ఈ మార్పు తరానికి సుమారు 50,000 జన్యువుల్లో ఒకదానికి జరుగుతుందని హాల్డేన్ 1935లో అంచనా వేశాడు. మనిషి జన్యువు ఎంత తరచుగా మారుతుందో లెక్కగట్టిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. వంశంలో ఎవరికీ లేని ఇంట్లో కూడా హీమోఫిలియా బిడ్డ పుట్టవచ్చునని దీనివల్ల తేలింది. సుమారు మూడవ వంతు రోగుల విషయంలో అంతే జరుగుతుంది. అందులో ఎవరి పుట్టిల్లును, ఎవరి కర్మను తప్పుపట్టగలం?

రాజకుటుంబాలకూ ఇది తప్పలేదు. విక్టోరియా రాణి కొడుకు లియోపోల్డు ఈ వ్యాధితో బాధపడి 30 ఏళ్లకే 1884లో చనిపోయాడు. ఆమె కూతుళ్ల ద్వారా అది రష్యా యువరాజు అలెక్సీ వరకు వెళ్లింది. ఆ మార్పు రాణి తండ్రిలో మొదలై ఉండవచ్చునని హాల్డేన్ ఊహించాడు. లోకం తల్లుల వైపు వేలు చూపుతుంటే ఆయన వేలు ఒక తండ్రి వైపు చూపింది.

1937లో జూలియా బెల్‌తో కలిసి ఆయన మరొక సంగతి కనిపెట్టాడు. దండలో పక్కపక్కనున్న పూలు దండ తెగినా చాలాసార్లు ఒకే ముక్కలో ఉండిపోతాయి. హీమోఫిలియా జన్యువు, రంగులు సరిగా తెలియని వర్ణాంధత్వపు జన్యువు అలాగే దగ్గరగా ఉండి కలిసి సంక్రమిస్తాయని కొన్ని కుటుంబాల వంశవృక్షాలు చూసి నిరూపించారు. ఎనిమిదవ ఫాక్టర్ జన్యువును శాస్త్రజ్ఞులు వేరుచేయగలిగింది 1984లో!

1956లో బ్రిటన్ సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడి చేసింది. దానిని నిరసించిన హాల్డేన్ 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలిసి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చేశాడు. ధోవతి, కుర్తా కట్టాడు. మాంసం మానేశాడు. 1961లో భారత పౌరుడయ్యాడు. ఖరీదైన పరికరాలు లేకపోయినా కళ్లు తెరిచి చూసి లెక్కపెట్టగలిగితే పరిశోధన చేయవచ్చునని ఇక్కడి విద్యార్థులకు నేర్పాడు. వారిలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆంధ్రలోని మేనరికపు పెళ్లిళ్లను ఆయన పరిశోధించాడు.

మేనరికం వల్లనే హీమోఫిలియా పుడుతుందని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. అయితే ఒక సంగతి తెలుసుకోవాలి. హీమోఫిలియా ఉన్న తండ్రి నుండి కొడుకులకు ఆ లోపం రాదు, కూతుళ్లందరూ వాహకురాళ్లవుతారు. అతడు అక్క కూతురినే పెళ్లాడితే, అక్కలాగే ఆ అమ్మాయీ వాహకురాలు కావచ్చు. అప్పుడు తండ్రి నుండి ఒకటి, తల్లి నుండి ఒకటి చేరి ఆడపిల్లకు కూడా వ్యాధి రావచ్చు. ఊరు విడిచి వచ్చినా మేనరికం విడవని కామాఠీపురా తెలుగు ఇళ్లలో కూడా ఈ లెక్క ఇంతే.

హాల్డేన్ కలకత్తా చేరిన 1957లోనే బొంబాయిలో రక్తవర్గాల పరిశోధన కేంద్రం ఒకటి మొదలైంది. పరేల్‌లోని కె.ఇ.ఎం. ఆస్పత్రి ఆవరణలో అది జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థగా పెరిగి, హీమోఫిలియా కుటుంబాల జన్యువులను పరీక్షించే చోటయింది. లోపించిన ఫాక్టరును నేడు సూదిమందుగా ఎక్కిస్తారు. హాల్డేన్ కాలంలో ఆ మందు లేదు.

1962లో ఆయన భువనేశ్వరుకు మారి, అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాలను నడిపాడు. కొద్దికాలానికే క్యాన్సర్ సోకింది. లండన్‌లో ఆపరేషన్ చేయించుకుని, తన జబ్బు మీద తానే ఒక హాస్యకవిత రాశాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరులో కన్నుమూశాడు. తన శరీరం వైద్య విద్యార్థులకు ఉపయోగపడాలని ఆయన ముందే రాసిపెట్టాడు. ఆ ప్రకారం దానిని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు తీసుకువెళ్లారు.