బంతి పాఠాలు చెప్పిన పంతులు: రహీం సాబ్

హైదరాబాదు బడుల్లో పాఠాలు చెప్పిన ఒక ఉపాధ్యాయుడు భారత ఫుట్‌బాల్ జట్టుకు రెండు ఆసియా స్వర్ణాలు సాధించిపెట్టారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విద్యార్థిగా బంతాట ఆడి, తర్వాత ఉపాధ్యాయ వృత్తి చేపట్టారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. మరణించేవరకు ఆ బాధ్యతలోనే కొనసాగారు.

రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా క్లబ్బులదే పెత్తనమైన రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఆయన పద్ధతి బడిపంతులు పద్ధతే. ఆటగాళ్లు ఒక కాలి మీదే ఆధారపడుతున్నారని గమనించి, అలవాటులేని కాలితో మాత్రమే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టేవారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆ చలిలో మైదానంలోకి దిగారు. అంతటి పరాభవం తర్వాత కూడా రహీం పట్టు వదలలేదు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో భారత్ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరింది. నాలుగో స్థానం దక్కింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం ఇప్పటివరకు చేరుకున్న ఎత్తు అదే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా దక్కింది. కుమారుడు హకీం కూడా ఆ బృందంలో ఉన్నా, ఒక్క మ్యాచ్‌లోనూ బరిలోకి దింపలేదు. తండ్రిగా ఆయనకది ఎంత కష్టమైందో ఊహించుకోవచ్చు.

ఆయన జీవితంలో అసలు పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. అప్పటికే క్యాన్సర్ ఆయనను పీడిస్తోంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు నిరాకరించడాన్ని భారత క్రీడాధికారి ఒకరు ప్రశ్నించడంతో అక్కడి ప్రజలు మనపై ఆగ్రహంగా ఉన్నారు. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. థాయిలాండ్‌తో ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అలాంటి ఆటగాణ్ని రహీం ముందువరుసలో ఆడించాలని నిర్ణయించారు. మరొకరైతే ఇంత సాహసం చేసేవారా అన్నది సందేహమే. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్లీ కొరియానే ఎదురైంది. స్టేడియమంతా మనవారికి వ్యతిరేకంగా హోరెత్తుతుండగా పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం మనదైంది. గోల్‌కీపర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, సికింద్రాబాదు బలరాం వంటి హైదరాబాదు గడ్డ ఆటగాళ్లు ఆ విజయంలో పాలుపంచుకున్నారు.

ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. 2024లో వచ్చిన హిందీ చిత్రం ‘మైదాన్’ ఆయన పేరును కొత్త తరానికి పరిచయం చేసింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషుల జట్టుకు జకార్తా తర్వాత మరో స్వర్ణం రాలేదు.