ఏనుగుల వీరాస్వామయ్య

బాటసారికి పగటివేళ కావలసినది బాట. ప్రొద్దు గ్రుంకిన వెనుక కావలసినది చోటు. రైలుబండియు, మోటారుబండియు లేని కాలమున ఈ రెండవ చింతయే పెద్దది. దిగిన చోట మంచినీరు దొరకవలెను, వంటచెరకు దొరకవలెను, దొంగల భయము ఉండరాదు, ఆ చోటు ఎవరిదో వారి సమ్మతియు ఉండవలెను. ఇట్టి చోట్లను వెదకికొనుచు, ఇంచుమించు నూరుమందిని వెంటబెట్టుకొని చెన్నపట్టణమునుండి కాశికి పోయి, తిరిగి వచ్చి, తాను తెలిసికొన్నదానిని తరువాతివారికి వ్రాసియిచ్చిన మహనీయుడు ఏనుగుల వీరాస్వామయ్య.

ఆయన సుమారు 1780 ప్రాంతమున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. ఐనను అధైర్యపడక, స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి, చిన్నవయస్సుననే ఉద్యోగమున ప్రవేశించి, క్రమముగా మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీ పదవి నందెను. ఆ కోర్టులో న్యాయాధిపతులు ఆంగ్లేయులు. కక్షిదారులలో పెక్కుమంది ఈ దేశపువారు. ఒకరి మాటను మరియొకరికి ఉన్నదున్నట్లు తెలియజెప్పుట దుబాసీ పని. అందు ఒక్క మాట హెచ్చినను, తగ్గినను ఒకని ఆస్తికో ప్రాణమునకో ముప్పు వాటిల్లును. చూచినదానిని చూచినట్లు చెప్పు అలవాటు ఆయనకు ఈ కొలువున దృఢపడెను. ఆ అలవాటే తరువాత ఆయన గ్రంథమునకు ప్రాణమైనది.

1830వ సంవత్సరము మే 18వ తేదీన వీరాస్వామయ్య కాశీయాత్రకు బయలుదేరెను. కుటుంబములోని స్త్రీలు, పరిజనులు, పల్లకీబోయీలు, సామానులు మోయువారు అందరును కలిసి ఒక చిన్న ఊరే కదలినట్లుండెను. అంతమందికి చాలిన ఇండ్లు ప్రతిగ్రామమునను ఉండవు. పైగా ముందున్నది వానకాలము. కావున డేరాలు వెంట నుంచుకొనుట తప్పనిసరి యయ్యెను. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము మొదలగు స్థలములను సేవించి, ఆయన కృష్ణానది వైపునకు సాగెను.

మన అయిజ యున్న సీమకు నడిగడ్డ యని పేరు. ఒకవైపు కృష్ణ, ఒకవైపు తుంగభద్ర. ఈ గడ్డ తూర్పున ముగియుచోట రెండు నదులును కలియును. ఆ దిగువ ప్రాంతముననే వీరాస్వామయ్య కృష్ణను దాటి పాలమూరు సీమలో అడుగిడెను. నాడు నదికి వంతెనలు లేవు. ఏరు నిండినచో దాటించువాని నేర్పే దిక్కు.

నది దాటిన తరువాత మరియొక కష్టము ఎదురయ్యెను. అప్పుడు ఈ ప్రాంతము నిజాము రాజ్యములోనిది. వనపర్తి, కొల్లాపురము సంస్థానముల ప్రభువులు ఒకరితో ఒకరు కలహించుచుండిరి. ఒకరి గ్రామములను ఒకరు కొల్లగొట్టుటయు, ఇండ్లు తగులబెట్టుటయు, ఆ బాధ రైతులపై బడుటయు వీరాస్వామయ్య తెలిసికొని నిర్భయముగా వ్రాసెను. అట్టి సీమలో నూరుమంది ఒక రాత్రి దిగుట సామాన్యమా? కాలిన ఊరిలో అంగడి తెరవరు. దూరమునుండి గుడారములు చూచిన రైతు, శత్రువుల దండు వచ్చినదేమో యని బెదరుట సహజము. ఆశ్రయము కోరి వచ్చినవాడే అచట భయమునకు కారణము కావచ్చును. కనుక బాటసారి వినయమే అతనికి రక్ష.

పూర్వము మనదేశమున బాటసారులకు వెలలేని విడుదులు పలువిధములుగా నుండెడివి. దాతలు కట్టించిన సత్రములు కొన్ని. ఊరి చావడులు, దేవాలయ మండపములు కొన్ని. ఇవియేవియు లేనిచోట బాటప్రక్క మామిడితోపులును, చింతతోపులును, చెరువుగట్లును ఉండెడివి. తోపు నాటించుట, బావి త్రవ్వించుట పుణ్యకార్యములని మన పెద్దలు నమ్మిరి. ఐనను ఊరుమ్మడి చోటనగా ఎవ్వరికిని చెందని చోటని అర్థము కాదు. అందరికిని చెందిన చోటని అర్థము. గ్రామపెద్దలకు తెలియజెప్పి దిగుట, పశువులు త్రాగు నీటిని పాడుచేయకుండుట, పండ్లచెట్లు నరకకుండుట, పొయ్యి ఆర్పి బూడిద కప్పి పోవుట అచట పాటింపవలసిన మర్యాదలు.

వీరాస్వామయ్య మజిలీ మజిలీకిని విషయములను వ్రాసికొనెను. బాట గట్టిదా, గతుకులదా. ఊర బసకు ఇండ్లు గలవా. అంగళ్లలో వస్తువులు దొరకునా. నీటి వసతి యెట్టిది అను సంగతులను మరువలేదు. తనకు కష్టము కలిగిన చోటును దాచలేదు. సుఖము కలిగిన చోటును పెంచి చెప్పలేదు. వెనుక వచ్చు బీదయాత్రికుడు దారి తెలియక చీకటిలో నిలువరాదని ఆయన తలంపు.

జడ్చర్ల మీదుగా హైదరాబాదు చేరి, నాగపురము, జబల్పూరు, ప్రయాగల మార్గమున ఆయన కాశికి పోయెను. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీజగన్నాథము చూచి, సముద్రతీరపు జిల్లాలగుండ 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరెను. యాత్రకు పదునైదు నెలలకు పైగా పట్టెను. దారిలో తాను చూచినవాటిని మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల గారికి లేఖలుగా వ్రాయుచుండెను. అవియే కాశీయాత్ర చరిత్ర యను గ్రంథమైనవి. పండితుల గ్రాంథికభాషలో గాక, నాడు జనులు మాటలాడుకొను తెలుగుననే ఆయన వ్రాసెను.

తరువాత రెండేండ్లు గడవకమునుపే నందన సంవత్సరపు ఘోరక్షామము వచ్చెను. అప్పుడు ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించుటకు ఆయన పూనుకొనెను. పరుల ఊళ్లలో నీడ కోరి తిరిగినవాడు తన ఊరికి వచ్చిన ఆర్తులను మరువలేదు. 1836 అక్టోబరు 3వ తేదీన ఆయన పరమపదించెను. 1838లో శ్రీనివాసపిళ్ల గారు మిత్రుని గ్రంథమును అచ్చు వేయించిరి.

ఇప్పుడు వనపర్తి, గద్వాల పట్టణములు 2016లో ఏర్పడిన జిల్లాలకు ముఖ్యస్థానములు. నల్లమల అడవిలో రాత్రి నిలువవలెనన్న అటవీశాఖవారి అనుమతి కావలెను. అచట పులులకును, ఇతర మృగములకును రక్షణ కల్పించినారు. స్వీడన్ దేశమున ఇండ్లకు దూరముగా, ఎవ్వరికిని నష్టము కలుగకుండ, ఒకటి రెండు రాత్రులు గుడారము వేసికొనుట జనులందరికిని గల హక్కు. దేశమునుబట్టి చట్టము మారును, మర్యాద మారదు.

బాలలారా! మీరు విహారమునకో, జాతరకో పోయి ఒక చెట్టునీడను దిగినపుడు ఆ చెట్టును నాటిన చేతులను తలచుకొనుడు. విడిచిపోవునపుడు ఒకసారి వెనుదిరిగి చూడుడు. మీ తరువాత వచ్చువానికి ఆ చోటు మీకు దొరికినంత శుభ్రముగా నున్నచో, వీరాస్వామయ్య చూపిన బాటలో మీరును నడచినట్లే.