బోధకుడు థామస్ బేయస్



ఈ నెల మనము తలంచుకొను దైవసేవకుని పేరు లెక్కలు చదివినవారికి బాగుగా తెలియును గాని సంఘములలో అంతగా వినబడదు.

థామస్ బేయస్ 1701 ప్రాంతమున ఇంగ్లండులో పుట్టెను. తండ్రి జాషువా బేయస్ లండనులో బోధకుడు. వీరు రాజ్యసంఘములో చేరనివారు గనుక ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి తలుపులు వీరికి మూయబడియుండెను. అందుచేత థామస్ 1719లో స్కాట్లండులోని ఎడింబరోకు పోయి తర్కమును, దైవశాస్త్రమును అభ్యసించెను. పిమ్మట టన్‌బ్రిడ్జి వెల్స్ అను ఊరి సంఘమునకు కాపరియై 1752 వరకు సేవ చేసెను. ప్రసంగీకుడుగా ఆయనకు పేరు రాలేదు. (మాబోటి వారికి అది కొంత ఊరట.) అయినను 1742లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను.

వాన కురిసిన వాకిలి తడియును. వాన కురిసెను, కాబట్టి వాకిలి తడిసెను. ఇది తర్కము, ఇందులో సందేహము లేదు. కాని తెల్లవారి తడిసిన వాకిలి చూచి రాత్రి వాన కురిసెనని చెప్పగలమా? ఇల్లాలు కళ్ళాపి చల్లియుండవచ్చును. మన బి.కొత్తకోట ప్రాంతమున వాన అరుదు, కళ్ళాపి నిత్యము. తర్కము ఇచ్చట ఆగిపోవును. ఏది ఎంతమాత్రము నమ్మదగినదో తూచుటకు సంభావ్యత కావలెను. బేయస్ తన వ్యాసములో ఒక బల్లను ఊహించెను. దానిమీద మొదటి గుండు ఎక్కడ నిలిచెనో మనకు కనబడదు. తరువాతి గుండ్లు దానికి ఏ ప్రక్కన నిలిచెనో మాత్రము వినుచు, మొదటిదాని చోటును అంచనా వేయవచ్చునని లెక్కకట్టి చూపెను. ఆయన వేసిన కాలిబాటను ఫ్రాన్సు దేశస్థుడగు లాప్లాసు మొదలైనవారు బండిబాటగా చేసిరి.

ఆ బాటలో ముఖ్యమైన ప్రశ్న ఒకటి: మనము అనుకొనునది నిజము కానియెడల, ఈ గురుతు కనబడియుండునా? న్యాయాధిపతులు 6వ అధ్యాయములో గిద్యోను గొఱ్ఱెబొచ్చును కళ్లమున ఉంచెను. మొదటి దినమున బొచ్చు తడిసెను, నేల ఆరియుండెను. మన గొఱ్ఱెల కాపరులు దీనికి అంతగా ఆశ్చర్యపడరు, గొంగడి మంచును పట్టుకొనును. రెండవ దినమున నేల తడిసి బొచ్చు ఆరియుండుట అట్టిది కాదు, అదే బలమైన సాక్ష్యము. గిద్యోనును అల్పవిశ్వాసియని నిందించుట నాకు న్యాయముగా తోచదు. పుట్టుగ్రుడ్డివాని విషయములో పరిసయ్యులది వేరు సంగతి. అసాధ్యమని ముందే తేల్చుకొనినవారికి ఏ సాక్ష్యమును చాలదు. సున్నను దేనితో గుణించినను సున్నయే.

మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1912లో మిషనులవారు కూడి క్షయవైద్యశాలను స్థాపించిరి. క్షయకు చేతిమీద సూదివేసి వాపు చూచు పరీక్ష ఒకటి కలదు. క్రిమి సోకియు జబ్బుపడని ఆరోగ్యవంతులు మన దేశమున అనేకులు, వారికిని చేయి వాచును. కాబట్టి వైద్యులు దగ్గును, జ్వరమును, కఫమును, ఇంటిలో రోగి యున్నాడా యను సంగతిని కలిపి తూచుదురు. ఊరివారు తూచరు. పెండ్లికి ఎదిగిన పిల్లకు చేయి వాచినదని విని క్షయ అంటగట్టుదురు, వచ్చిన సంబంధము వెనుదిరుగును.

బేయస్ 1761 ఏప్రిల్ 7న మరణించెను. ఆయన ఆ వ్యాసమును అచ్చువేయించలేదు. మిత్రుడును తోటి బోధకుడునైన రిచర్డు ప్రైసు ఆయన కాగితములలో దానిని కనుగొని, సవరించి, 1763లో రాయల్ సొసైటీకి పంపెను. బేయస్ సమాధి లండనులోని బన్‌హిల్ ఫీల్డ్సులో ఉన్నది. మన ఇండ్లలో చదువుకొను యాత్రికుని ప్రయాణమును వ్రాసిన జాన్ బన్యను కూడ అదే శ్మశానవాటికలో నిద్రించుచున్నాడు.