ఆరు నిమిషాల లెక్క

ఉద్యోగంలో చేరాక టైమ్‌షీట్ నింపమంటే విసుక్కుంటారేమో. లా ఆఫీసులకు దాన్ని అలవాటు చేసింది అమెరికన్ లాయర్ రెజినాల్డ్ హీబర్ స్మిత్ (1889–1966). 1914లో హార్వర్డ్‌లో లా పూర్తవగానే బోస్టన్ లీగల్ ఎయిడ్ సొసైటీ బాధ్యత తీసుకున్నారు. ఫీజు కట్టలేని పేదల కేసులు బోలెడు, చేతిలో డబ్బేమో కొంచెం. అందుకే రికార్డులు సరిచేసి, ఒక్కో కేసుకు ఎంత ఖర్చవుతోందో లెక్క కట్టారు. ఖర్చు తగ్గితేనే కదా ఇంకొకరి కేసు పట్టగలిగేది!

1919లో హేల్ అండ్ డార్‌లో చేరి, అక్కడి లాయర్లతో రోజూ గంటను పది భాగాలు చేసి రాయించారు. ఏ పనికి ఎంత టైమ్ పడుతోందో తెలుసుకోవడానికే ఆ లెక్క. తర్వాత ఫర్మ్‌లు దాన్నే క్లయింట్ మీద తిరిగే మీటర్ చేశాయి, అది నాకు నచ్చదు. లీగల్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మీకు 0.1 అని కనిపిస్తే, అది స్మిత్ గారి ఆరు నిమిషాలే.