అరవై అయిదో ఏట దారి పట్టిన వంటవాడు



ప్రత్యేక సంచికకు ఎవరిదైనా ఒక జీవిత చరిత్ర రాసిమ్మని మన కార్యదర్శిగారు కోరారు. దేశనాయకుల గురించి, వాగ్గేయకారుల గురించి మన సంచికల్లో చాలానే వచ్చాయి కనుక ఈసారి ఒక వంటవాడి గురించి రాస్తున్నాను. తెల్లకోటు, తెల్లటి పిల్లిగడ్డం, మెడలో సన్నని నల్లటి టై. బజారులో ఎర్రబోర్డు మీద కనిపించే ఆ ముసలాయన బొమ్మను మన మనవలందరూ గుర్తుపడతారు. అది కంపెనీవాళ్ళు కల్పించిన బొమ్మేనని చాలాకాలం అనుకున్నాను. కాదు, ఆయన నిజంగా బతికిన మనిషి. పేరు హార్లండ్ శాండర్స్. నేను శాకాహారిని, ఆయన కోడి వేపుడు రుచి నాకు తెలియదు. అయినా పింఛనుదార్లమైన మనకు ఆయన కథతో కొంత చుట్టరికం ఉంది.

1890 సెప్టెంబరు 9న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, హెన్రీవిల్ అనే ఊరి దగ్గర పుట్టారు. అయిదేళ్ళు నిండేసరికి తండ్రి పోయారు. తల్లి ఫ్యాక్టరీ పనికి వెళితే, తమ్ముడికీ చెల్లెలికీ వండిపెట్టడం పెద్దవాడైన ఈయన వంతయింది. చదువు ఏడో తరగతితో ఆగింది. ఆ తరువాత చేసిన ఉద్యోగాలన్నీ ఎక్కించాలంటే సర్వీసు రిజిస్టరు చాలదు. పొలం పని, ట్రాము కండక్టరు పని, 1906లో వయసు ఎక్కువ చెప్పి సైన్యంలో చేరి క్యూబా ప్రయాణం, రైలింజనులో బొగ్గు వేసే పని, బీమా పాలసీలు, టైర్ల అమ్మకం. మధ్యలో పోస్టు ద్వారా న్యాయశాస్త్రం చదివి చిన్న కోర్టుల్లో వకీలు పని కూడా చేశారు. కోర్టు హాల్లో తన కక్షిదారుతోనే కలియబడటంతో అదీ ముగిసింది. ముక్కుమీద కోపం ఆయనకు చివరిదాకా పోలేదు.

1930లో, నలభయ్యో ఏట, కెంటకీ రాష్ట్రంలో కార్బిన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పెట్రోలు బంకు నడపడానికి కుదిరారు. దారిన పోయే లారీవాళ్ళు, ప్రయాణీకులు ఇక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా అని అడిగేవారు. హోటలు లేదు, కుర్చీలు లేవు. తన ఇంటి భోజనాల బల్ల మీదనే వాళ్ళకు వడ్డించడం మొదలుపెట్టారు. ఇంట్లో తిన్నట్టే ఉందని పేరు పడింది. రాష్ట్ర గవర్నరు 1935లో ఆయనకు కెంటకీ కల్నల్ అనే గౌరవ బిరుదు ఇచ్చారు. అది సైన్యంలో హోదా కాదు, మన రావుబహద్దూరు వంటిది. 1939లో హోటలు అగ్నిప్రమాదంలో కాలిపోతే తిరిగి ఇంకా పెద్దది కట్టారు.

కోడి మాంసం పెనం మీద వేపితే అరగంట పట్టేది. నిండు నూనెలో వేస్తే త్వరగా అవుతుంది కానీ ఆయనకు ఆ రుచి నచ్చలేదు. అప్పుడే కొత్తగా వచ్చిన ప్రెషర్ కుక్కరును, మనం పప్పు ఉడికించుకునే బాపతుదే, ఆయన వేపుడుకు అనువుగా మార్చుకున్నారు. పది నిమిషాల లోపే పని అయ్యేది. పదకొండు దినుసుల మసాలా పాళ్ళు 1940లో కుదిరాయి.

అప్పుడు వచ్చింది అసలు దెబ్బ. కొత్త జాతీయ రహదారి కార్బిన్‌ను తప్పించి పోతుందని తేలింది. రోడ్డు మీద ఆధారపడ్డ హోటలు, రోడ్డే పక్కకు జరిగితే ఏమవుతుంది? 1956లో వేలం వేస్తే 75,000 డాలర్లు వచ్చాయి. అప్పులు తీర్చేసరికి సరిపోయింది. ఆయనకు మిగిలింది సామాజిక భద్రత పథకం కింద నెలకు 105 డాలర్ల పింఛను. వయసు అరవై అయిదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆయన వెయ్యి చోట్ల కాదనిపించుకుని ఆ తరువాతి చోట అవుననిపించుకున్నారని ఉపన్యాసాల్లో చెబుతుంటారు. గుమాస్తా బుద్ధి కనుక, కాగితం లేని లెక్కను నేను నమ్మను. నిజానికి హోటలు అమ్మకముందే, 1952లో, యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో పీట్ హార్మన్ అనే హోటలు యజమానికి తన వంట నేర్పి, మొదటి ఒప్పందం చేసుకున్నారు. పాతికేళ్ళ చేతివాటం, ఒక మంచి నమూనా ముందే ఉన్నాయి. పింఛను చాలకపోవడం వల్ల వాటితో దారి పట్టారు. అంతే. నాకు ఆ కల్పిత కథ కన్నా ఇదే గొప్పగా తోస్తుంది.

కారులో కుక్కరు, మసాలా వేసుకుని ఊరూరా తిరిగేవారు. హోటలు వంటింట్లో తానే వండి అక్కడి వాళ్ళకు రుచి చూపేవారు. నచ్చితే, అమ్మిన కోడికి నాలుగు సెంట్ల చొప్పున తనకివ్వాలి. రాత్రిళ్ళు చాలాసార్లు కారులోనే నిద్ర. మసాలా రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్య క్లాడియా పొట్లాలు కట్టి అందరికీ పంపేది. నిజం చెప్పాలంటే ఆవిడ గురించి ఇంకొక వ్యాసం రాయవలసింది. 1964 నాటికి 600 పైగా దుకాణాలయ్యాయి.

ఆ ఏడాది, డెబ్భై నాలుగో ఏట, జాన్ బ్రౌన్, జాక్ మాసీ అనే ఇద్దరికి కంపెనీని 20 లక్షల డాలర్లకు అమ్మారు. కెనడా హక్కులు తనకే ఉంచుకున్నారు. జీతం మీద ప్రచారకర్తగా మిగిలారు. తన ముఖం, తన పేరు, తన కోటు అన్నీ కంపెనీ ఆస్తిలో భాగమయ్యాయి. కానీ నాలుక ఆయనదే కదా! దుకాణాలకు చెప్పకుండా వెళ్ళి, గ్రేవీ బాగులేకపోతే అందరి ముందూ తిట్టేవారు. ఒకసారి దాన్ని గోడకు కాగితాలు అంటించే జిగురుతో పోల్చారు. దానిమీద పరువునష్టం దావా పడి, కొట్టివేయబడింది. కంపెనీ హ్యూబ్లైన్ అనే సంస్థ చేతికి వెళ్ళాక, తాను తయారుచేయని పదార్థాలకు తన బొమ్మ వాడారని 1973లో ఆయనే దావా వేశారు. భార్యాభర్తలు పెట్టుకున్న సొంత హోటలు గురించి కూడా తగాదా నడిచింది. చివరకు 1975లో 10 లక్షల డాలర్లతో రాజీ కుదిరింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. రిటైరైన కొత్తలో నేనూ ఏదో వంక పెట్టుకుని పాత సెక్షనుకు వెళ్ళేవాడిని. నా బల్ల మీద ఫైళ్ళు వరుస తప్పి ఉంటే చేయి ఊరుకునేది కాదు. కొత్త కుర్రవాడు మర్యాదస్తుడు, టీ తెప్పించేవాడు. మూడోసారి వెళ్ళినప్పుడు ఆ టీ ఎందుకు తెప్పిస్తున్నాడో అర్థమై మానుకున్నాను. శాండర్స్ మానుకోలేదు. ఆయన్ను తప్పు పట్టలేను.

1970లో జపాన్‌లో దుకాణం తెరిచారు. అక్కడ క్రిస్‌మస్‌కు ఈ వేపుడు తినడం ఆనవాయితీ అయిపోయింది. 1987లో చైనాకు, 1995లో బెంగుళూరుకు వచ్చింది. బెంగుళూరు దుకాణం మీద రైతుసంఘం వాళ్ళు దాడి చేసిన వార్త అప్పట్లో పత్రికల్లో చదివినవాళ్ళు మనలో ఉంటారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద 30 వేలకు పైగా ఉన్నాయి. బెంగుళూరు సంగతి చూడటానికి ఆయన లేరు. 1980 డిసెంబరు 16న, తొంభయ్యో ఏట లూయీవిల్‌లో కన్నుమూశారు. భౌతికకాయాన్ని రాష్ట్ర శాసనసభ భవనంలో ఉంచి ప్రజలకు దర్శనం ఇప్పించారు. ఆ తెల్లకోటుతోనే సమాధి చేశారు.

రోడ్డు తప్పించి పోయిన ఆ కార్బిన్ హోటలును 1990లో బాగుచేయించి, చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు. ఆయన వంటిల్లు అప్పట్లో ఎలా ఉండేదో అలాగే అమర్చారట. దాన్ని చూడటానికి జనం ఆ పెద్ద రహదారి మీదినుంచి కార్లు తిప్పుకుని మరీ వస్తుంటారు.